ఆత్మకథలో లేని అధ్యాయం: పాలీ ముర్రే జీవిత సాహిత్యాల పరిశీలన

సాహిత్య ప్రక్రియలన్నింటిలోనూ పాఠకుడు అత్యంత సులభంగా విశ్వసించేది ఆత్మకథను. చరిత్ర విద్యార్థి అత్యంత జాగ్రత్తగా చదవవలసినదీ దానినే. రచయిత తన్ను గూర్చి చెప్పుకొన్న మాటను ఉత్తరాలతో, దినచర్యలతో, దస్త్రాలతో సరిచూసినప్పుడు సాధారణంగా బయటపడేవి చిన్న చిన్న తేదీల పొరపాట్లు, కొంత స్వోత్కర్ష, కొంత మరపు. అమెరికాకు చెందిన నల్లజాతి రచయిత, న్యాయశాస్త్రవేత్త పాలీ ముర్రే (1910–1985) విషయంలో మాత్రం బయటపడేది ఒక అధ్యాయం లోపించిన జీవితం. ఆ లోపం మరపువల్ల వచ్చినది కాదు. ముర్రే ఆత్మకథ 'సాంగ్ ఇన్ ఎ వియరీ థ్రోట్' మరణానంతరం, 1987లో వెలువడింది. స్త్రీగా నమోదైన దేహంలో తాము పురుషులమన్న దృఢవిశ్వాసంతో యౌవనకాలమంతా సాగించిన అంతర్మథనాన్ని గూర్చి ఆ గ్రంథంలో స్పష్టమైన ప్రస్తావన లేదు. కాని అదే వ్యక్తి జీవితాంతం భద్రపరచిన కాగితాలు నూరుకు పైగా పెట్టెలలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిధిలోని ష్లెసింజర్ గ్రంథాలయానికి చేరాయి. పుస్తకంలో లేనిది ఆ పెట్టెలలో ఉన్నది.

దాచదలచుకొన్నవారు కాగితాలను తగులబెడతారు. చెప్పదలచుకొన్నవారు అచ్చువేస్తారు. ముర్రే ఈ రెండింటిలో ఏదీ చేయక, మూడవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఆ ఎంపికను అర్థం చేసుకోకుండా వారి సాహిత్యాన్ని అంచనా కట్టడం సాధ్యం కాదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

ఇక్కడ భాషను గూర్చిన ఒక మాట అవసరం. ఇంగ్లీషులో ముర్రేను గూర్చి రాసేవారు సర్వనామం దగ్గరే ఆగిపోతున్నారు. కొందరు స్త్రీవాచకాన్ని, కొందరు పురుషవాచకాన్ని, మరికొందరు బహువచనాన్ని వాడుతున్నారు. ముర్రే తమ ప్రచురిత రచనలలో స్త్రీగానే మాట్లాడారు. ట్రాన్స్‌జెండర్ అన్న పదాన్ని తమకు ఎన్నడూ అన్వయించుకోలేదు. వారు వైద్యుల చుట్టూ తిరిగిన కాలానికి ఆ పదమే వాడుకలో లేదు. తెలుగులో ఈ చిక్కు కొంత తేలిక. ఏకవచనంలో స్త్రీని అమహత్తుతో చేర్చి 'వచ్చింది' అనిపించే మన వ్యాకరణమే, బహువచనంలోనూ గౌరవార్థంలోనూ 'వచ్చారు' అంటూ మనుషులందరినీ ఒకే వరుసలో నిలుపుతుంది. 'వారు' అన్న మాటలో స్త్రీపురుష భేదం లేదు. ఈ వ్యాసంలో ముర్రేను ఆ గౌరవవాచకంతోనే ప్రస్తావిస్తున్నాను.

జీవిత రేఖ

ముర్రే 1910 నవంబరు 20న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించారు. పెట్టిన పేరు ఆనా పాలీన్. నాలుగవ ఏట, 1914లో, తల్లి ఏగ్నెస్ మరణించారు. ఉపాధ్యాయుడైన తండ్రి విలియం ముర్రే మానసిక వ్యాధితో ఆస్పత్రి పాలై, 1923లో అక్కడి కావలివాని చేతిలో హతుడయ్యారు. బిడ్డను ఉత్తర కరొలైనాలోని డర్హమ్ పట్టణానికి తీసుకొనిపోయి పెంచినది మేనత్త వరుస కాదు, తల్లికి అక్క, ఉపాధ్యాయిని అయిన పాలీన్ ఫిట్జెరాల్డ్ డేమ్. ఈ పెద్దమ్మ ఇంట, అమ్మమ్మ తాతల నీడలో గడచిన బాల్యమే తరువాతి రచనలకు మూలధనం.

న్యూయార్కులోని హంటర్ కళాశాలలో 1933లో పట్టభద్రులయ్యేనాటికి ఆనా పాలీన్ అన్న పేరు 'పాలీ'గా మారింది. స్త్రీకీ పురుషునికీ సమానంగా చెల్లే పేరది. ఆర్థిక మాంద్యపు సంవత్సరాలలో పురుషవేషంతో దేశాటన చేసిన అనుభవాన్ని ఒక కథగా మలచారు. 1934లో నాన్సీ కునార్డ్ సంకలనపరచిన 'నీగ్రో' అన్న బృహద్గ్రంథంలో అది అచ్చయింది. అందులోని కథకుడు ఒక కుర్రవాడు. ముర్రే ప్రచురిత సాహిత్యంలో పురుష కంఠం వినిపించే అరుదైన తావు ఇది.

1930వ, 1940వ దశకాలలో ముర్రే పలువురు వైద్యులను సంప్రదించారు. అప్పటికి కొత్తగా వార్తలలోకి వచ్చిన పురుష హార్మోనుల చికిత్సను తమకు ఇవ్వవలసిందిగా కోరారు. తమ దేహంలో బయటికి కనబడని పురుషలక్షణాలు ఉండవచ్చునని ఊహించి, పరీక్షించి చూడమని అడిగారు. వైద్యులు నిరాకరించారు. స్త్రీనన్న సంగతిని అంగీకరించడమే చికిత్స అన్నది ఆనాటి వైద్యశాస్త్రం చెప్పిన సమాధానం. ఆ సంభాషణలకు ముందు తాము వేసుకొన్న ప్రశ్నల జాబితాలను ముర్రే శాస్త్రవిద్యార్థి నోటుపుస్తకం వలె క్రమబద్ధంగా రాసి ఉంచారు. ఏ ఆచార్యుని పర్యవేక్షణా లేకుండా, తమ దేహమే విషయంగా సాగించిన పరిశోధన అది.

సత్యాగ్రహం, బస్సు, ఒక యువకుడు

భారతీయ పాఠకునికి ముర్రే జీవితంలో ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే ఘట్టం 1940 మార్చి నెలలోనిది. ఈస్టర్ సెలవులకు డర్హమ్ వెళ్తూ ముర్రే, మిత్రురాలు ఏడెలీన్ మెక్‌బీన్ వర్జీనియాలో బస్సెక్కారు. విరిగిన సీటు వదలి ముందుకు జరిగినందుకు, తిరిగి వెనక్కు పొమ్మన్న డ్రైవరు మాట వినిపించుకోనందుకు, పీటర్స్‌బర్గ్ వద్ద వారిని నిర్బంధించారు. గాంధీజీ సత్యాగ్రహ పద్ధతిని గూర్చి ముర్రే అప్పటికే చదువుతున్నారు. దండియాత్రలో పాల్గొన్న కృష్ణలాల్ శ్రీధరాణి 1939లో అమెరికాలో ప్రచురించిన 'వార్ వితౌట్ వయొలెన్స్' ఆనాటి నల్లజాతి యువతకు ఒక రకమైన అభ్యాస గ్రంథం. భారతదేశం నుండి తిరిగి వెళ్ళిన మిషనరీ జె. హోమ్స్ స్మిత్ న్యూయార్కులో నెలకొల్పిన హార్లెమ్ ఆశ్రమంతోనూ ముర్రేకు సంబంధం ఏర్పడింది. పీటర్స్‌బర్గ్ చెరసాలలో ముర్రే చేసిన పని అధికారులకు మర్యాదపూర్వకమైన వినతిపత్రాలు రాయడం. సత్యాగ్రహికి ప్రత్యర్థిపట్ల ఉండవలసిన సౌజన్యాన్ని వారు అక్షరాలా ఆచరించారు. రోజా పార్క్స్ సంఘటనకు ఇది పదిహేనేళ్ళకు పూర్వం. వేర్పాటు చట్టాన్ని ఉల్లంఘించారన్న అభియోగాన్ని వదలి, న్యాయస్థానం వారిని అల్లరి చేసినందుకే శిక్షించింది. చట్టాన్ని ప్రశ్నించే అవకాశం అంతటితో చేజారిపోయింది.

ఈ సంఘటనకు ఒక సాహిత్య ఫలితం కూడా ఉన్నది. ఆ బస్సులోనే ప్రయాణిస్తున్న హెరాల్డ్ గార్ఫింకెల్ అన్న విద్యార్థి తాను చూసినదానిని 'కలర్ ట్రబుల్' అన్న కథగా రాయగా, అది అదే ఏడాది 'ఆపర్చునిటీ' పత్రికలో వెలువడింది. ఆ కథలో యువతితోపాటు ఉన్న రెండవ వ్యక్తి ఒక యువకుడు. ఆ యువకుడు ముర్రేయేనని పరిశోధకులు గుర్తించారు. గార్ఫింకెల్ తదుపరి కాలంలో సుప్రసిద్ధ సామాజిక శాస్త్రవేత్త అయ్యారు. మనుషులు దైనందిన వ్యవహారంలో స్త్రీత్వ పురుషత్వాలను ఎలా నిర్మించి చూపుతారో వివరిస్తూ 1967లో ఆయన ప్రచురించిన అధ్యయనం ఆ రంగంలో మైలురాయి. అటువంటి పరిశీలకుని కంటికి ముర్రే పురుషునిగానే కనబడడం గమనార్హం. ముర్రే తమను గూర్చి అచ్చులో చెప్పుకోలేని మాటను మరొకరి కథ యాదృచ్ఛికంగా నమోదు చేసింది.

జేన్ క్రో

దక్షిణ రాష్ట్రాలలోని జాతి వేర్పాటు వ్యవస్థకు 'జిమ్ క్రో' అన్నది వాడుక పేరు. 1941లో హొవార్డ్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో చేరిన ముర్రే తమ తరగతిలో స్త్రీగా నమోదైన ఏకైక విద్యార్థి. నల్లజాతివారి కోసమే నెలకొన్న ఆ సంస్థలో జాతి వివక్ష లేదు. కాని ఆడవారు న్యాయశాస్త్రం ఎందుకు చదువుతారో తెలియదని తొలినాడే ఒక ఆచార్యుడు తరగతిలో పరిహసించారు. బాధితులు కూడా మరొకరిని బాధించగలరన్న ఈ అనుభవానికి ముర్రే పెట్టిన పేరు 'జేన్ క్రో'. పేరు లేని అన్యాయం ఎవరికి వారు ఒంటరిగా భరించే కష్టంగానే మిగిలిపోతుంది. పేరు పడిన తరువాత అది ఫిర్యాదు అవుతుంది, ఫిర్యాదు వ్యాజ్యమవుతుంది. ముర్రే ప్రతిభకు కేంద్రం ఈ నామకరణ శక్తిలోనే ఉన్నది.

1944లో ప్రథమ స్థానంతో ఉత్తీర్ణులైన ముర్రే ఉన్నత విద్యకు హార్వర్డ్‌కు దరఖాస్తు చేశారు. ఆ న్యాయ కళాశాల స్త్రీలను చేర్చుకోదని సమాధానం వచ్చింది. దానికి ముర్రే పంపిన అప్పీలు లేఖ అమెరికా న్యాయవిద్యా చరిత్రలో ప్రసిద్ధి పొందింది. తమ అర్హతకు అడ్డువచ్చిన లింగాన్ని మార్చుకోవడానికి తమకు అభ్యంతరం లేదనీ, అయితే ఆ మార్గమేదో ఇంతవరకు తెలియరాలేదు కనుక కళాశాలవారే తమ అభిప్రాయం మార్చుకోవలసి ఉంటుందనీ దాని భావం. దశాబ్దాల తరబడి పాఠకులు దీనిని చమత్కారంగానే చదివి నవ్వారు. ఆ పెట్టెలలోని వైద్య సంబంధమైన కాగితాలు చదివిన తరువాత ఆ నవ్వు నిలవదు. 'మార్గం తెలియరాలేదు' అన్నది ముర్రే విషయంలో చమత్కారోక్తి కాదు, ఏళ్ళ తరబడి సాగిన అన్వేషణకు యథార్థమైన నివేదిక. ఆ వాక్యాన్ని నలుగురూ చదివే ఉత్తరంలో, హాస్యపు ముసుగులో ఉంచిన రచయిత దానిని తమ ఆత్మకథలోనూ నిలుపుకొన్నారు. కనుక ఆత్మకథ పూర్తిగా మౌనం వహించిందనడం కూడా సరికాదు. అది మాట్లాడింది, అయితే వినగలవారికి మాత్రమే వినబడేటట్లు మాట్లాడింది.

వంశచరిత్రగా దేశచరిత్ర

ముర్రే గ్రంథాలలో సాహిత్యదృష్ట్యా శ్రేష్ఠమైనది 1956లో వెలువడిన 'ప్రౌడ్ షూస్'. దాని పుట్టుక వెనుక ఒక తిరస్కారం ఉన్నది. 1952లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక ఉద్యోగానికి ముర్రే దరఖాస్తు చేయగా, ఎలీనర్ రూజ్‌వెల్ట్, థర్గుడ్ మార్షల్, ఫిలిప్ రాండాల్ఫ్ వంటివారి సిఫారసులున్నా, అభ్యర్థి 'పూర్వ సంబంధాలు' శంకాస్పదమన్న కారణంతో అది దక్కలేదు. కమ్యూనిస్టు భయం రాజ్యమేలుతున్న రోజులవి. తమ పూర్వ సంబంధాలేమిటో చెప్పడానికి ముర్రే పూర్వీకుల చరిత్రనే రాయడానికి పూనుకొన్నారు. ప్రభుత్వ పరిభాషలోని ఒక అనుమానపు మాటను పట్టుకొని, దానికి దాని నిజమైన అర్థాన్ని కల్పించిన రచన ఇది.

గ్రంథంలో రెండు మూర్తులు ప్రధానం. తాత రాబర్ట్ ఫిట్జెరాల్డ్ అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన స్వతంత్ర నల్లజాతీయుడు. యుద్ధానంతరం విముక్త బానిసలకు చదువు చెప్పడానికి దక్షిణాదికి వచ్చి, యుద్ధంలో తగిలిన గాయం కారణంగా క్రమంగా చూపు కోల్పోయాడు. అమ్మమ్మ కొర్నేలియా, హారియెట్ అన్న బానిస స్త్రీపై యజమాని కుమారుడు సిడ్నీ స్మిత్ జరిపిన అత్యాచారం ఫలితంగా జన్మించినది. ఆమెను ఆ యజమాని ఇంట, తండ్రి సోదరి మేరీ రఫిన్ స్మిత్ పెంచింది. బానిసగా పుట్టి, యజమానుల రక్తాన్ని చెప్పుకొని గర్వపడే అమ్మమ్మ, స్వేచ్ఛగా పుట్టి, బానిసత్వంతో పోరాడడమే గర్వకారణంగా భావించే తాత — ఈ ఇద్దరి మధ్య పెరిగిన బిడ్డ చూపులో అమెరికా చరిత్ర ఒకే ఇంటి రెండు గదులుగా కనబడుతుంది.

చరిత్ర రచనగా ఈ గ్రంథం విలువ దాని ఆధారాల వినియోగంలో ఉన్నది. తాత దినచర్య, జనగణన పట్టికలు, సైనిక దస్త్రాలు, వీలునామాలు, ఇంట్లో వృద్ధులు చెప్పే కథలు అన్నింటినీ ముర్రే పక్కపక్కన నిలిపి పరీక్షించారు. మౌఖిక కథనాన్ని దస్త్రం సమర్థించిన చోట ఒక ఆనందం, కాదన్న చోట దాపరికం లేని ఒప్పుకోలు కనబడతాయి. ఆలెక్స్ హేలీ 'రూట్స్' వెలువడినది 1976లో. సహవాసి అనువాదం 'ఏడు తరాలు' ద్వారా దానిని అక్కున చేర్చుకొన్న తెలుగు పాఠకలోకం, అంతకు రెండు దశాబ్దాల ముందే అదే దారిలో నడచిన 'ప్రౌడ్ షూస్'ను గూర్చి తెలుసుకోవలసి ఉన్నది. హేలీ కల్పనకు ఇచ్చిన స్వేచ్ఛను ముర్రే ఇవ్వలేదు. అందువల్ల కథావేగంలో హేలీ ముందుంటారు, సాక్ష్యబలంలో ముర్రే ముందుంటారు.

ఇందులో ఒక చేదు వ్యంగ్యం దాగి ఉన్నది. మేరీ రఫిన్ స్మిత్ తన ఆస్తిలో కొంత భాగాన్ని ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చింది. 1938లో అదే విశ్వవిద్యాలయం, ఆ కుటుంబపు రక్తసంబంధి అయిన ముర్రేకు జాతి కారణంగా ప్రవేశం నిరాకరించింది. పూర్వీకులైన బానిసల శ్రమతో పోగైన ఆస్తి చదువులకు పనికివచ్చింది, వారి సంతతి పనికిరాలేదు.

ఈ గ్రంథాన్ని ముర్రే వ్యక్తిగత అంతర్మథనం వెలుగులో చదివితే మరొక పొర కనబడుతుంది. కొర్నేలియా జీవితమంతా రెండు వర్గాల మధ్య సరిహద్దులో గడచింది. చట్టం ఆమెను ఒకవైపు నెట్టింది, ఆమె మనసు మరొకవైపు మొగ్గింది. చట్టం అంటగట్టిన గుర్తింపునకూ అంతరంగం ఎరిగిన గుర్తింపునకూ మధ్య నలిగే మనిషిని ఇంత సహానుభూతితో చిత్రించిన రచయిత, తమ వేదనను జాతి కథలో పరోక్షంగా పలికించి ఉండవచ్చునన్నది నిరాధారమైన ఊహ కాదు. అయితే దానిని ఊహగానే ఉంచడం విమర్శకుని విధి.

కవిగా ముర్రే స్థాయి దీనికి కొంచెం తక్కువ. స్టీఫెన్ విన్సెంట్ బెనే ప్రోత్సాహంతో సాగించి, 1943లో ముగించిన దీర్ఘకవిత 'డార్క్ టెస్టమెంట్' బానిసత్వ చరిత్రను గంభీరమైన ధోరణిలో చెబుతుంది. అదే పేరుతో కవితా సంపుటి 1970లో వెలువడింది. ఈ కవితలలో ఉపన్యాస ధ్వని అప్పుడప్పుడు కవిత్వాన్ని మించిపోతుంది. 1943 డెట్రాయిట్ అల్లర్లపై అధ్యక్షుని ఉదాసీనతను నిలదీస్తూ 'క్రైసిస్' పత్రికలో ప్రచురించిన కవిత వంటి చిన్న రచనలలోనే పదును ఎక్కువ. ఆత్మకథకూ ఒక పరిమితి ఉన్నది. దాని ఉత్తరార్ధంలో సంఘాలు, సమావేశాలు, పదవులు వరుసగా వచ్చి, బాల్యాన్ని చెప్పిన పుటలలోని ఉష్ణత తగ్గిపోతుంది. అంతరంగాన్ని మినహాయించుకొన్న రచనకు ఇది తప్పని మూల్యం.

చట్టమే ఆత్మకథగా

ఆత్మకథలో లేని ఉష్ణత ముర్రే న్యాయశాస్త్ర రచనలలో ఉన్నదంటే కొందరికి వింతగా తోచవచ్చు. 1951లో ప్రచురించిన 'స్టేట్స్ లాస్ ఆన్ రేస్ అండ్ కలర్' 700 పుటలు మించిన సంకలనం. మెథడిస్టు చర్చి మహిళా విభాగం కోరికపై ప్రతి రాష్ట్రంలోని జాతి సంబంధ చట్టాలన్నింటినీ ముర్రే అందులో క్రోడీకరించారు. వేర్పాటు చట్టాలపై పోరాడే న్యాయవాదులకు అది నిత్యపారాయణ గ్రంథమయింది. అంతకు ముందే, హొవార్డ్‌లో విద్యార్థిగా ఉండగా, 'వేరుగా కాని సమానంగా' అన్న 1896 నాటి ప్లెసీ తీర్పును సమానత్వం కొరవడిందని వాదించి కాక, వేరు చేయడమే అన్యాయమని నేరుగా ఎదుర్కొనాలని ముర్రే వాదించగా సహాధ్యాయులు నవ్వారు. ఇరవైఅయిదేళ్ళలో ఆ తీర్పు కూలుతుందని ఆచార్యుడు స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో ముర్రే పది డాలర్ల పందెం కట్టారు. పదేళ్ళలోనే, 1954లో, బ్రౌన్ తీర్పు వెలువడింది. ఆ వ్యాజ్యానికి సిద్ధమయ్యేటప్పుడు రాబిన్సన్ తమ పాత విద్యార్థి వ్యాసాన్ని తీసి చూశారన్న సంగతి ముర్రేకు తెలిసినది 1960వ దశకంలో.

1964 పౌరహక్కుల బిల్లులో ఉద్యోగ వివక్షను నిషేధించే ఏడవ ప్రకరణానికి 'లింగం' అన్న పదాన్ని వర్జీనియా ప్రతినిధి హొవార్డ్ స్మిత్ సవరణగా చేర్చారు. సెనేటులో ఆ పదాన్ని తొలగిస్తారన్న భయం ఏర్పడినప్పుడు, దానిని నిలపవలసిన ఆవశ్యకతను వివరిస్తూ ముర్రే ఒక మెమొరాండం రాసి పలువురు ప్రముఖులకు పంపించారు. ఆ పదం లేకపోతే నల్లజాతి స్త్రీకి ఈ చట్టం సగం రక్షణ మాత్రమే ఇస్తుందన్నది ముర్రే వాదంలోని బలం. ఆ పదం నిలిచింది. 1965లో మేరీ ఈస్ట్‌వుడ్‌తో కలిసి రాసిన 'జేన్ క్రో అండ్ ది లా' వ్యాసం జాతి వివక్షకు వర్తించే తర్కాన్నే లింగ వివక్షకూ వర్తింపజేసింది. ఆ సంవత్సరమే యేల్ విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్రంలో అత్యున్నత పట్టం పొందారు. నల్లజాతివారిలో అక్కడ ఆ పట్టం పొందిన తొలివ్యక్తి ముర్రే. 1971లో రీడ్ వర్సెస్ రీడ్ వ్యాజ్యంలో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తమ వాదపత్రంపై ముర్రే పేరును, డొరొతీ కెన్యన్ పేరును సహరచయితలుగా చేర్చారు. వారు ఆ పత్రం రాయలేదు. అందులోని ఆలోచన వారిదన్న కృతజ్ఞతే అందుకు కారణం.

భారతీయ పాఠకుడు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. మన రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న మాటలను 1950 నుండే ఒకే వాక్యంలో ఉంచింది. అమెరికా రాజ్యాంగంలోని 14వ సవరణ సమరక్షణను హామీ ఇచ్చినా లింగాన్ని పేర్కొనలేదు. పేర్కొనని మాటను తర్కబలంతో అందులో చదివించడమే ముర్రే జీవితకాలపు కృషి. ఒక పదం చట్టంలో ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు కాలమే సమాధానం చెప్పింది. 2014లో నల్సా తీర్పులో మన సుప్రీంకోర్టు 15, 16 అధికరణాలలోని 'లింగం' అన్న పదం లింగ గుర్తింపును కూడా కలుపుకొంటుందని నిర్ణయించింది. 2020లో బోస్టాక్ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు, ఏడవ ప్రకరణంలోని అదే పదం ఆధారంగా, ట్రాన్స్‌జెండర్ అయినందుకు ఉద్యోగం నుండి తొలగించడం చట్టవిరుద్ధమని ప్రకటించింది. 1964లో ముర్రే నిలబెట్టడానికి పాటుపడిన పదం, యాభైఆరేళ్ళ తరువాత, ముర్రే వంటివారికే గొడుగయింది. మెమొరాండం రాసేటప్పుడు ఆ ఊహ వారి మనసులో ఉన్నదో లేదో చెప్పడానికి ఆధారం లేదు. కాని చట్టరచనలో 'నేను' అన్న మాట అవసరం లేదు. తన్ను గూర్చి చెప్పుకోలేని మనిషి తన వంటివారందరి కోసం అక్కడ మాట్లాడవచ్చు. ముర్రే ఆత్మకథలో రాయని అధ్యాయాన్ని న్యాయశాస్త్రంలో రాశారన్న నా అభిప్రాయానికి ఆధారం ఇది.

మౌనానికి కారణాలు

ఇంతటి సాహసి తమ విషయంలో మౌనం ఎందుకు పాటించారన్న ప్రశ్న మిగులుతుంది. పిరికితనమన్న సమాధానం ముర్రే జీవితానికి అతకదు. 1963 వాషింగ్టన్ ప్రదర్శనలో స్త్రీలకు ప్రధాన ప్రసంగావకాశం ఇవ్వలేదని నాయకుడు రాండాల్ఫ్‌కే నిరసన లేఖ రాసిన వ్యక్తి వారు. 1966లో జాతీయ మహిళా సంస్థను స్థాపించిన వారిలో ఒకరై, అది నల్లజాతి స్త్రీలను, శ్రామికులను ఉపేక్షిస్తున్నదని తోచినప్పుడు దూరంగా జరిగిన వ్యక్తి కూడా వారే. అసలు కారణాలను కాలంలో వెదకాలి. మెకార్తీ యుగంలో 'అసాధారణ' లైంగిక ప్రవర్తన అన్న అనుమానం ఒక్కటే ఉద్యోగం పోవడానికి చాలినది. తండ్రి మానసిక వైద్యశాలలో హతుడైన బిడ్డకు ఆ ముద్ర ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు. పైగా జాతి గౌరవాన్ని మోసే కుటుంబంలో మర్యాద అన్నది కేవలం అలంకారం కాదు, ఆత్మరక్షణ కవచం. ఉద్యమంలో ప్రత్యర్థికి ఏ అవకాశమూ ఇవ్వకూడదన్న నియమం దానికి తోడయింది.

1973లో చిరకాల సహచరి ఐరీన్ బార్లో మరణానంతరం ముర్రే ఆచార్య పదవిని వదలి వేదాంత విద్యాలయంలో చేరారు. 1977 జనవరి 8న ఎపిస్కోపల్ చర్చిలో మతగురువుగా అభిషేకం పొందారు. చర్చి చరిత్ర వారిని ఆ పదవి పొందిన తొలి నల్లజాతి మహిళగా పేర్కొంటుంది. ఫిబ్రవరిలో చాపెల్ హిల్‌లో, అమ్మమ్మ కొర్నేలియా బానిస బాలికగా జ్ఞానస్నానం పొందిన ఆలయంలోనే, ముర్రే ఆరాధనకు ఆధ్వర్యం వహించారు. 1985 జూలై 1న పిట్స్‌బర్గ్‌లో కన్నుమూశారు.

మన దేశంలో ఎ. రేవతి తమిళంలో చెప్పిన జీవితకథ, పి. సత్యవతి అనువాదంలో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి వచ్చి, 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారాన్ని తెచ్చింది. రేవతి 'నేను' అని మొదలుపెట్టి అంతా చెప్పగలిగారు. ముర్రే చెప్పలేకపోయారు. ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన చదివిన పాఠకుడు ఒకరి ధైర్యాన్ని, మరొకరి సంకోచాన్ని తూచడానికి తొందరపడకూడదు. ఎదుటివారు వినడానికి సిద్ధపడిన కాలంలోనే ఆత్మకథ సంపూర్ణమవుతుంది. రేవతి వెనుక ఒక సమాజం, ఒక ఉద్యమం, ఒక భాష ఉన్నాయి. ముర్రేకు ఉన్నవి నిరాకరించిన వైద్యులు, కొన్ని పెట్టెలు.

ఆ పెట్టెలను భద్రపరచడంలోనే ముర్రే నమ్మకం వెల్లడవుతుంది. తాత దినచర్య దొరకకపోతే 'ప్రౌడ్ షూస్' పుట్టేది కాదని తెలిసిన రచయిత, తమను గూర్చి రాయబోయే అజ్ఞాత చరిత్రకారుని కోసం అదే పని చేసి ఉంచారు. ఆ కాగితాల ఆధారంగా రోజలిండ్ రోజెన్‌బర్గ్ 2017లో 'జేన్ క్రో' పేరుతో సమగ్ర జీవితచరిత్ర ప్రచురించారు. అదే సంవత్సరం యేల్‌లో ముర్రే పేరిట ఒక విద్యార్థి నివాస కళాశాల ప్రారంభమయింది. 2024లో అమెరికా పావు డాలరు నాణెంపై వారి ముఖచిత్రం వెలువడింది. ఆ మరుసటి ఏడాదే, 2025లో, అమెరికా జాతీయ ఉద్యానవనాల శాఖ జాలపుటల నుండి ముర్రే లింగ గుర్తింపునకు సంబంధించిన ప్రస్తావనలు తొలగించబడ్డాయి. నాణెంపై ముఖానికి స్థానమున్నది, దస్త్రంలో సత్యానికి లేదు.

దస్త్రాలతో నిత్యం వ్యవహరించేవారికి ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. ప్రభుత్వం ఒక పుటను చేర్చగలదు, తీసివేయగలదు. ఒక మనిషిని గూర్చిన సత్యం ఆ పుటపైనే ఆధారపడి ఉంటే అది పుటతోపాటే పోతుంది. ముర్రే ఈ సంగతిని ముందే ఎరిగినవారు. ఉత్తర కరొలైనా, హార్వర్డ్, కార్నెల్ తమను తిరస్కరించినప్పుడల్లా ఆ తిరస్కార పత్రాన్ని చింపివేయకుండా దాచారు. వైద్యుల నిరాకరణలను కూడా అదే క్రమంలో చేర్చారు. స్త్రీలను చేర్చుకోనన్న విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలోనే ఈనాడు ఆ కాగితాలు భద్రంగా ఉన్నాయి. ఆత్మకథలో లేని అధ్యాయాన్ని చదవదలచినవారు అక్కడికి వెళ్ళి అడిగితే, పెట్టె తెచ్చి ముందు పెడతారు.